విరిగిన పెన్ డ్రైవ్‌లో పాటలు బతికే ఉంటాయా?



ఈ నెల సైన్సు పేజీ నాకు ఇచ్చారు. గ్రహాల గురించి, మలేరియా దోమ గురించి ముందు నెలల్లో వేరేవాళ్లు రాసేశారు. అందుకని నేను మన కంప్యూటర్ గదిలో అందరం చూసే చిన్న వస్తువు గురించి రాస్తున్నాను. అదే పెన్ డ్రైవ్. బాగున్నంత కాలం దాని గురించి ఎవరూ ఆలోచించరు. విరిగిందంటే మాత్రం "అయ్యో, అంతా పోయింది" అనేస్తారు. నిజంగా అంతా పోయిందా, కొంచెమే పోయిందా, అసలేమీ పోలేదా అన్నది ఎక్కడ విరిగిందో చూస్తేగానీ చెప్పలేం. కుండ పగిలితే నీళ్లు కారిపోతాయి. పెన్ డ్రైవ్ కుండ లాంటిది కాదు. దాని మూతి ఊడినా కడుపులో సరుకు అలాగే ఉండొచ్చు. ఎలాగో తెలుసుకుందాం.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

పెన్ డ్రైవ్ లోపల ఉండేదాన్ని ఫ్లాష్ మెమరీ అంటారు. దీన్ని కనిపెట్టినది జపాన్‌లో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసుయోకా అనే ఇంజనీరు. 1984లో ఆయన దీని గురించి లోకానికి చెప్పారు. 1987లో నాండ్ అనే రకం వచ్చింది. ఇవాళ పెన్ డ్రైవ్‌లలో, సెల్‌ఫోన్లలో ఉండేది ఆ నాండ్ రకమే. కెమెరా ఫ్లాష్ తళుక్కుమన్నట్టు ఇందులోది ఒక్కసారిగా చెరిగిపోతుంది కాబట్టి దానికి ఆ పేరు పెట్టారట.

కంప్యూటర్‌కు తగిలించే ఆ పలకల మూతిని యూఎస్‌బీ అంటారు. అది 1996లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంటెల్ బృందంలో ముఖ్యమైన ఆయన మన దేశంవాడే. పేరు అజయ్ భట్, గుజరాత్‌లో వడోదరలో చదువుకున్నారు. అంతకు ముందు ప్రింటర్‌కు ఒక రకం రంధ్రం, మౌస్‌కు ఇంకో రకం రంధ్రం ఉండేవి. ఇప్పుడు అన్నిటికీ ఒకటే.

ఈ రెండూ కలిపి పెన్ డ్రైవ్ చేసి 2000లో అమ్మడం మొదలుపెట్టారు. అప్పుడు దానిలో పట్టేది 8 మెగాబైట్లు మాత్రమే. మామూలు ఎంపీత్రీ పాట నిమిషానికి ఇంచుమించు ఒక మెగాబైటు తింటుంది. అంటే అందులో ఎనిమిది నిమిషాల పాట పట్టేది. మన స్కూల్లో ఉన్నది 16 గిగాబైట్లది. దానికి ఇంచుమించు రెండు వేల రెట్లు పెద్దది.

లోపల ఏముంది?

ప్లాస్టిక్ తొడుగు తీస్తే పచ్చ రంగు చిన్న పలక కనిపిస్తుంది. దాని మీద ముఖ్యంగా మూడు ఉంటాయి. మన హాస్టల్ స్టోర్ రూమ్‌తో పోల్చి చెప్తాను.

మొదటిది మూతి. ఇది స్టోర్ రూమ్ మెట్లు, తలుపు లాంటిది. దీని లోపల నాలుగు రేకులుంటాయి. ఒకటి 5 వోల్టుల కరెంటు తెస్తుంది. ఒకటి కరెంటు తిరిగి వెళ్లే దారి. మధ్యలో రెండూ సమాచారం వచ్చి పోయే దారులు. ఈ నాలుగూ పలక మీద చిన్న సీసం చుక్కలతో అతికి ఉంటాయి. 

రెండవది కంట్రోలర్ చిప్పు. ఇది స్టోరు చూసే ఆయన లాంటిది. తాళం ఆయన దగ్గరే, రిజిస్టరు ఆయన దగ్గరే. ఏ బస్తా ఏ మూలన పెట్టాడో ఆయనకే తెలుసు. పైగా ఆయనకో అలవాటు ఉంది. రోజూ ఒకే మూలన పెడితే అక్కడ నేల అరిగిపోతుందని చోటు మారుస్తూ పెడతాడు. నిజంగానే ఫ్లాష్ మెమరీలో ఒకే చోట మళ్లీ మళ్లీ రాస్తే ఆ చోటు పాడవుతుంది. అందుకే కంట్రోలర్ అన్ని చోట్లా సమానంగా రాస్తుంది.

మూడవది మెమరీ చిప్పు. ఇదే స్టోర్ రూమ్. దీని లోపల కంటికి కనపడని కోట్ల కోట్ల అరలుంటాయి. ఒక్కో అరలో ఎలక్ట్రాన్లు చిక్కుకుని ఉంటాయి. చుట్టూ కరెంటు దాటలేని గోడ ఉంటుంది కాబట్టి కంప్యూటర్ నుంచి తీసేసినా అవి బయటికి పోవు. మామూలు రకంలో ఎలక్ట్రాన్లు నిండిన అర సున్నా, ఖాళీ అర ఒకటి. మన పాటలు, ఫోటోలు, మార్కుల లిస్టులు అన్నీ ఈ సున్నాలూ ఒకట్లే.

ఇవి కాక ఒక వెండి రంగు చిన్న డబ్బా ఉంటుంది. దాన్ని క్రిస్టల్ అంటారు. డ్రిల్లులో డ్రమ్ము కొట్టినట్టు అది అందరికీ తాళం వేస్తుంది. ఆ దెబ్బ లేకపోతే కంట్రోలర్ అడుగు వేయదు. కొన్ని కొత్త పెన్ డ్రైవ్‌లలో ఈ డబ్బా విడిగా ఉండదు.

ఎక్కడ విరిగితే ఏమవుతుంది?

మెట్లు కూలితే బియ్యం పాడవుతాయా? పాడవవు. మనం లోపలికి వెళ్లలేం, అంతే. మూతి ఊడిన పెన్ డ్రైవ్ అలాంటిదే. పక్క నుంచి చెయ్యి తగిలో, కుర్చీ తగిలో, కిందపడో వంగిపోయేవాటిలో ఎక్కువ ఇవే. కొత్త మూతి గానీ నాలుగు తీగలు గానీ అతికిస్తే మళ్లీ పనిచేస్తుంది.

క్రిస్టల్ గానీ చిన్న చిన్న రెసిస్టర్లు గానీ ఊడితే, అలాంటిదే ఇంకోటి తెచ్చి అతికించొచ్చు. సరుకు భద్రమే.

కంట్రోలర్ కాలిపోతే కష్టం. స్టోరు చూసే ఆయన రిజిస్టరుతో సహా పోయినట్టు. అప్పుడు మెమరీ చిప్పును వేడి గాలితో ఊడదీసి, వేరే మిషన్‌లో పెట్టి చదవాలి. చదివినా ముక్కలు ముక్కలుగా, కలగాపులగంగా వస్తుంది. దాన్ని సరిగ్గా పేర్చడానికి ప్రత్యేకమైన ల్యాబులు ఉంటాయి. చాలా డబ్బు తీసుకుంటారు. వేరే పెన్ డ్రైవ్ నుంచి కంట్రోలర్ తెచ్చి పెడితే సరిపోతుంది కదా అని నేను అడిగాను. మామూలుగా సరిపోదట. ఒక హాస్టల్ స్టోరు చూసే ఆయన్ని తెచ్చి ఇంకో హాస్టల్ స్టోరులో నిలబెడితే ఏ బస్తా ఎక్కడుందో ఆయనకేం తెలుస్తుంది?

మెమరీ చిప్పే పగిలిపోతే స్టోర్ రూమ్ కూలినట్టే. ఇక ఏ ల్యాబు అయినా చేయగలిగింది లేదు.

ఇంకో రకం ఉంది. వేలి గోరంత పెన్ డ్రైవ్‌లు వస్తున్నాయి కదా, వాటిలో కంట్రోలరూ మెమరీ అన్నీ కలిపి ఒకే నల్ల ముక్కలో పోతపోసి ఉంటాయి. వాటికి మూతి విడిగా ఊడదు. విరిగితే ఆ ముక్కే విరుగుతుంది. చిన్నగా, ముద్దుగా ఉందని ముఖ్యమైనవి అందులో ఒక్కదాంట్లోనే పెట్టకూడదు.

మన పాటల పెన్ డ్రైవ్ సంగతి

ఇది చాలామందికి సగం సగం తెలుసు. పూర్తిగా రాస్తున్నాను. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం కోసం మనం సెలవుల్లో ఊళ్లకు వెళ్లినప్పుడు పెద్దవాళ్ల చేత పాడించి రికార్డు చేసుకొచ్చాం. మా చింతూరు వైపు నుంచి కోయ పాటలు, రేల పాటలు. తండాల నుంచి లంబాడీ పాటలు. ఎరుకల భాషలో ఇద్దరు అక్కలు తెచ్చినవి. యానాది పిల్లలు కాలవ పనుల దగ్గర పాడుకునేవి తెచ్చారు. మొత్తం 63 పాటలు. ఫోన్లు నిండిపోతే పెన్ డ్రైవ్‌లో వేసి ఫోన్లలో తుడిచేశారు. అంటే ఆ పెన్ డ్రైవ్ తప్ప ఇంకెక్కడా అవి లేవు.

ఒకరోజు దాని లైటు మిణుకు మిణుకుమంటుండగానే కుర్చీ తగిలి మూతి వంగిపోయింది. ఎవరి కుర్చీ అని వెతకడం మేడం మాన్పించేశారు. మంచిదే అయింది. దాని వల్ల పాటలు రావు కదా.

ఇది ఎందుకు అంత పెద్ద విషయమో వార్డెన్ మేడం గార్లకు చెప్పాలి. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. మా అమ్మకు, నాన్నకు చదవడం రాదు. మా ఇంట్లో కాగితం మీద రాసినది అంటే రేషన్ కార్డు, ఆధార్ కార్డు, అంతే. మా అవ్వకు తెలిసినదంతా ఆమె నోట్లోనే ఉంది. భూమి పండగ అప్పుడు విత్తనాలు చల్లే ముందు పాడే పాట ఆమె నాలుగు నిమిషాలు పాడింది. ఈ వానాకాలంలో అవ్వ చనిపోయింది. ఆ పాట ఆ పెన్ డ్రైవ్‌లో ఉంది.

సైన్సు మేడం మమ్మల్ని ఇద్దరిని తీసుకుని ఊళ్లోకి వెళ్లారు. మొదటి షాపులో చూడకుండానే "పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నారు. రెండో చోట సెల్‌ఫోన్లు బాగుచేసే అన్న ఉన్నాడు. ఆయన తొడుగు విప్పి భూతద్దం కింద పెట్టి, "చిప్పు బాగానే ఉంది చెల్లెమ్మా. మూతి ఊడింది, దాంతో పాటు రెండు రేకులు కూడా లేచిపోయాయి" అన్నాడు. మమ్మల్ని కూడా చూడనిచ్చాడు.

ఆయన చేసిన పని ఇది. పాత మౌస్ వైరు ఒకటి కోశాడు. దానిలో నాలుగు సన్న తీగలున్నాయి. ఎరుపు కరెంటుకు, నలుపు గ్రౌండుకు, తెలుపూ ఆకుపచ్చా సమాచారానికి. అన్ని వైర్లలో రంగులు ఇలాగే ఉంటాయని నమ్మకూడదట. అందుకని మీటరు పెట్టి ఒక్కొక్కటీ చూసుకున్నాడు. ఎరుపూ నలుపూ తారుమారైతే కంట్రోలర్ కాలిపోతుంది, అప్పుడు దేవుడు కూడా ఏం చేయలేడు అన్నాడు. రెండు రేకులు లేచిపోయిన చోట పచ్చ పూతను బ్లేడుతో మెల్లగా గీకాడు. కింద రాగి గీత మెరిసింది. వెంట్రుకంత తీగతో దానికి అతికించాడు. అరగంట పట్టింది.

కంప్యూటర్‌కు పెట్టగానే లైటు వెలిగింది. మేం చప్పట్లు కొట్టబోయాం. కానీ తెర మీద "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?" అని వచ్చింది. అన్న వెంటనే వద్దు అని నొక్కాడు. ఎందుకంటే లైటు వెలుగుతుండగా కనెక్షన్ తెగడం వల్ల ఫైళ్ల పట్టిక పాడైంది. పాటలు లోపలే ఉన్నాయి, ఎక్కడున్నాయో చెప్పే పేజీ చిరిగింది.

అప్పుడు ఆయన మొదట మొత్తం పెన్ డ్రైవ్‌ను సున్నా నుంచి చివరి దాకా ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఒకే పెద్ద ఫైలుగా కాపీ చేశాడు. దీన్ని ఇమేజ్ అంటారు. "అతుకు ఎంతసేపు ఉంటుందో తెలీదు. ముందు బొమ్మ తీసుకుంటే తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు" అన్నాడు. ఆ తర్వాత ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ ఇమేజ్‌లో వెతికాడు. అది రిజిస్టరు చూడదు. నేరుగా స్టోర్ రూమ్‌లోకి వెళ్లి, ఇది పాట బస్తాలా ఉంది, ఇది ఫోటో బస్తాలా ఉంది అని గుర్తుపడుతుంది. ఒక్కో రకం ఫైలు మొదట్లో ఒక్కో గుర్తు ఉంటుంది, దాన్ని బట్టి పట్టుకుంటుంది.

63 పాటల్లో 55 పూర్తిగా వచ్చాయి. 6 సగం వచ్చాయి. 2 తెరుచుకోలేదు. మేడం దగ్గర అన్న మూడు వందలే తీసుకున్నాడు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. పాటలు వచ్చాయి గానీ పేర్లు రాలేదు. పేర్లు రిజిస్టరులో ఉంటాయి కదా, అది చిరిగింది. అన్నిటికీ అంకెలే వచ్చాయి. ఏది ఎవరిదో కంప్యూటర్‌కు తెలియదు, మేడంకూ తెలియదు. అందుకని రెండు ఆదివారాలు మనమే కూర్చుని విన్నాం. లంబాడీ పాట రాగానే ఆరో తరగతి చెల్లి "మా యాడి గొంతు" అని లేచి నిలబడింది. కోయ పాటలకు మేం, ఎరుకల పాటలకు ఆ అక్కలు పేర్లు పెట్టాం. ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు. ఆ భాష తెలిసిన పిల్ల ఉండాలి.

మా అవ్వ పాట సగం వచ్చిన ఆరింటిలో ఉంది. సగం ఎందుకంటే, ఖాళీ సరిపోనప్పుడు కంప్యూటర్ ఒక పాటను రెండు చోట్ల ముక్కలు చేసి పెడుతుంది. రెండో ముక్క ఎక్కడుందో రిజిస్టరులోనే ఉంటుంది. ఫోటోరెక్ మొదటి ముక్క పట్టుకుంది, రెండోది దానితో కలపలేకపోయింది. రెండో ముక్క ఇమేజ్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది. అందుకే ఆ ఇమేజ్‌ను తీసేయకుండా దాచమని మేడంను అడిగాను, దాచారు. పెద్ద క్లాసుకు వెళ్లాక దాన్ని వెతకడం నేర్చుకోవాలని ఉంది.

నీళ్లలో తడిస్తే?

మన గుణదలలో ఈ ప్రశ్న అడగకుండా ఉండలేం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కుండపోత వాన పడి బుడమేరు పొంగింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వెళ్లాయి. బుడమేరు గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. మా వైపు కూడా 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని చింతూరు మునిగింది. వరద వస్తే ముందు మనుషులు, తర్వాత పశువులు, తర్వాత బియ్యం. ఫోటోలు, కాగితాలు ఎవరికి గుర్తుంటాయి?

నీళ్లు పెన్ డ్రైవ్‌ను చంపవు. తడిగా ఉండగా కరెంటు పెట్టడం చంపుతుంది. నీళ్లలో ఉప్పూ బురదా ఉంటాయి. వాటి గుండా కరెంటు పోకూడని చోటికి పోతుంది, రేకులు తుప్పు పడతాయి. కాబట్టి తడిసిన పెన్ డ్రైవ్‌ను వెంటనే కంప్యూటర్‌కు పెట్టి చూడొద్దు. తొడుగు విప్పి, మంచినీళ్లతో బురద పోగొట్టి, దొరికితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్షు పెట్టి తుడిచి, నీడలో కొన్ని రోజులు ఆరనివ్వాలి. బియ్యంలో పెడితే లోపలి బురద పోదు. పొయ్యి పక్కన పెడితే సీసం, ప్లాస్టిక్ పాడవుతాయి.

ఆరితే పనిచేస్తుందా అని అనుమానం వస్తే ఇది వినండి, నవ్వుకుంటారు. న్యూజిలాండ్‌లో సముద్రపు ఒడ్డున 2017లో ఒక లెపర్డ్ సీల్ పేడను పరీక్ష కోసం తీసుకెళ్లి ఫ్రీజర్‌లో పెట్టారు. 2019లో కరిగించి చూస్తే అందులో పెన్ డ్రైవ్ ఉంది! ఆరబెట్టి కంప్యూటర్‌కు పెడితే సీ లయన్ల ఫోటోలు తెరుచుకున్నాయి. జంతువు కడుపులోంచి వచ్చి, ఏడాదికి పైగా మంచులో ఉండి కూడా బతికింది.

ఆకాశం నుంచి పడినా

కల్పనా చావ్లా గారి పాఠం మనకుంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక భూమికి తిరిగొస్తూ ముక్కలైపోయింది. ఆమెతో కలిపి ఏడుగురు చనిపోయారు. ఆ శిథిలాల్లో ఒక హార్డ్ డిస్కు దొరికింది. కాలి, నల్లబడి, చూస్తే ఇనుప ముక్కలా ఉంది. హార్డ్ డిస్కు పెన్ డ్రైవ్ లాంటిది కాదు, దానిలో తిరిగే పలకలుంటాయి. అందులో జినాన్ అనే వాయువు మీద వాళ్లు ఆకాశంలో చేసిన ప్రయోగం లెక్కలున్నాయి. క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థ నిపుణులు పలకలను తీసి, శుభ్రం చేసి, వేరే డిస్కులో పెట్టి ఇంచుమించు 99 శాతం సమాచారం బయటికి తెచ్చారు. ఆ ప్రయోగం ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. మనుషులు తిరిగి రాలేదు. వాళ్లు చేసిన పని తిరిగొచ్చింది. దీని గురించి మేడం చెప్పినప్పుడు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

విరిగిన వెంటనే ఏం చేయాలి?

1. వంగిన దాన్ని చేత్తో నిక్కబొడిచి మళ్లీ మళ్లీ కంప్యూటర్‌లో గుచ్చొద్దు. ఒక్కోసారి గుచ్చినప్పుడల్లా ఇంకో రేకు లేచిపోతుంది.

2. ఫెవిక్విక్ వేయొద్దు. జిగురు రేకుల మీదికి పాకితే తర్వాత సీసం అంటదు.

3. ఊడిన ముక్కలు ఎంత చిన్నవైనా ఏరి, కాగితంలో పొట్లం కట్టి ఉంచాలి.

4. ఫార్మాట్ చేయాలా అని అడిగితే వద్దు అనాలి. ఫార్మాట్ అంటే కొత్త రిజిస్టరు తెరవడం. పాత సరుకు కొంతకాలం ఉండొచ్చు గానీ దాని మీద కొత్తది పడితే ఇక రాదు.

5. పొరపాటున చెరిపేసినా ఇదే సూత్రం. చెరపడం అంటే చాలాసార్లు రిజిస్టరులో పేరు కొట్టేయడమే. బస్తా అక్కడే ఉంటుంది. అందుకని ఇంక అందులో కొత్తవి ఏమీ వేయకుండా పక్కన పెట్టాలి. దొరికిన ఫైళ్లను కూడా వేరే చోట దాచాలి, అదే పెన్ డ్రైవ్‌లో కాదు.

6. బాగుచేయించినది మళ్లీ వాడుకోవడానికి కాదు. లోపలివి తీసుకోవడానికి మాత్రమే.

7. షాపుకు ఇచ్చేటప్పుడు మనవాళ్లు ఎవరైనా దగ్గర కూర్చోవాలి. అందులో మన ఫోటోలు, ఆధార్ కాగితాలు ఉండొచ్చు. ఆడపిల్లలం ఇది ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

అసలు మందు ఏమిటి?

బాగుచేయడం మందు కాదు. ఒకటి పోయినా ఇంకోటి ఉండేలా చూసుకోవడమే మందు. పెన్ డ్రైవ్ విరగకపోయినా, అరల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా కారిపోతాయి. వాడకుండా పెట్టెలో పెట్టినది ఇరవై ఏళ్ల తర్వాత తెరుచుకుంటుందని నమ్మకం లేదు. మన పెద్దవాళ్లు విత్తనాలు ఒకే ఇంట్లో దాచరు. మా ఊళ్లో ఒక ఇంట్లో పురుగు పట్టినా పక్క ఇంట్లో దొరుకుతాయి. పాటలకు కూడా అదే పద్ధతి.

కాగితాన్ని తక్కువ చూడొద్దు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల అనే గోండు ఊళ్లో పాత చేతిరాత పుస్తకాలు ఇళ్లలో భద్రంగా ఉన్నాయి. వాటిని బట్టి గోండుల సొంత లిపి బయటి లోకానికి తెలిసింది. 2018లో ఆ లిపి కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లో కూడా చేరింది. ఎవరో చేత్తో రాసి దాచబట్టే కదా! అందుకని పాటల మాటలు మనం తెలుగు అక్షరాల్లో నోటు పుస్తకంలో కూడా రాద్దాం.

వార్డెన్ మేడం గార్లకు మా మనవి ఇది. 61 పాటలకు మూడు కాపీలు కావాలి. ఒకటి కంప్యూటర్ గదిలో, ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి ఈ గుణదలకు దూరంగా మన ఊళ్లలో ఎవరి దగ్గరైనా. మూడూ ఒకే గదిలో ఉంటే మూడూ ఒకే వరదలో పోతాయి. ఏడాదికి ఒకసారి తెరిచి విని, కొత్తదానిలోకి మార్చాలి. ఆ పని తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పజెప్పండి, చేస్తాం.

అక్కలూ, చెల్లెళ్లూ, మీకొక పని. సగం వచ్చిన ఆరు పాటలు, అసలు తెరుచుకోని రెండు పాటలు ఏవో ఈ కాగితం కింద ఎర్ర సిరాతో రాశాను. సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు వాటిని ఎవరైనా పాడగలరేమో అడగండి. అవ్వ పాటలో మిగతా సగం మా అమ్మకు కొంచెం వచ్చునంది. గొంతు అవ్వది కాదు, మాటలు మాత్రం అవే. మిగతా ఏడింటికి కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు. పెద్దవాళ్లకు గిగాబైట్లు తెలియవు, కానీ వాళ్లే మన మొదటి కాపీ. వాళ్లుండగానే అడగాలి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని